రాబర్టు షూమన్ జీవితము

ఐరోపాఖండపు పటమును విప్పి ఫ్రాన్సు, జర్మనీ, లక్సంబర్గు అను మూఁడు దేశముల యెల్లలు గలిసికొను చోట వ్రేలుంచినచో, ఆ వ్రేలి క్రిందనే లొరేన్ సీమయు, దానిలో మోజెల్ నదీప్రాంతమును గానవచ్చును. చూచుటకు మిక్కిలి చిన్నది. అయినను డెబ్బదినాలుగేండ్లలో నా ప్రాంతము నాలుగు పర్యాయములు చేతులు మాఱినది. 1871లో ఫ్రాన్సునుండి జర్మనీకిఁ బోయెను. 1918లో మరల ఫ్రాన్సునకు వచ్చెను. 1940లో జర్మనీ దానిని మరల నాక్రమించెను. 1944-45లో నది తిరిగి ఫ్రాన్సును జేరెను. తన యింటి గడప దాఁటకుండనే యొక వృద్ధుఁడు నాలుగు మాఱులు దేశము మార్చుకొనవలసి వచ్చెనన్న మాట. పాఠశాలలోఁ బిల్లవాఁడు చదువు భాషయు, కచేరిలో దస్తావేజు వ్రాయు భాషయు నట్లే మాఱుచుండెను.

అట్టి సీమకుఁ జెందిన యొక మహనీయుని చరిత్రమును మే మీ సంచికలో వ్రాయఁబూనితిమి. ఆయన రాబర్టు షూమన్. ఈ పేరు విని సంగీతప్రియులు జర్మను స్వరకర్తను దలఁచుకొందురేమో! ఆయన వేఱు, 1856లోనే గతించెను. మా కథానాయకుఁడు పాటలు కట్టినవాఁడు కాఁడు. బొగ్గును గూర్చియు నుక్కును గూర్చియు నొక ప్రకటన చదివినవాఁడు. ఆ ప్రకటనము చదువుటకుఁ గొన్ని నిమిషములే పట్టినవి. దానికిఁ గావలసిన మనస్సు గుదురుటకు మాత్ర మఱువదినాలుగేండ్లు పట్టెను.

షూమన్ 1886 జూన్ 29వ తేదీని లక్సంబర్గు పట్టణములోని క్లౌసెన్ అను పేటలో జన్మించెను. తండ్రి జాన్ పియేర్ లొరేన్‌లోని ఎవ్రాంజ్ అను సరిహద్దు గ్రామమునఁ బుట్టిన ఫ్రెంచివాఁడు. 1870లో ఫ్రాన్సు పక్షమున యుద్ధము చేసెను. ఆ యుద్ధములో ఫ్రాన్సు ఓడిపోఁగా నతని గ్రామముతోఁ గూడ నతఁడును జర్మను ప్రజ యయ్యెను. తరువాత నెల్ల దాఁటి లక్సంబర్గునఁ గాఁపురమేర్పఱచుకొని, ఆ దేశపుఁ గన్యయగు యూజెనీ డ్యూరెన్‌ను వివాహమాడెను. వారి కొక్కఁడే కుమారుఁడు. పుట్టిన నేల యొకటి, చట్టము చెప్పు జాతి వేఱొకటి, తండ్రి పుట్టిననాఁటి దేశ మింకొకటి. ఇంటిలోఁ దల్లితోఁ బలికినది లక్సంబర్గు పలుకుబడి. జర్మను, ఫ్రెంచి భాషలు పాఠశాలలో నేర్చినవి. ఆయన ఫ్రెంచి పలుకులో జర్మను యాస జీవితాంతము పోలేదు. తరువాతి కాలమున విరోధు లా యాసనే పట్టుకొని యెత్తిపొడిచిరి.

1900లోఁ దండ్రి మరణించెను. అప్పటికి బాలునికిఁ బదునాలుగేండ్లు. తల్లి పెంపకమునఁ జదువు సాగెను. బాన్, మ్యూనిక్, బెర్లిన్, స్ట్రాస్‌బర్గు నగరముల విశ్వవిద్యాలయములలో న్యాయశాస్త్ర మభ్యసించి 1910లో స్ట్రాస్‌బర్గున డాక్టరు పట్టమందెను. మఱుసటి యేఁట గుఱ్ఱపుబండి ప్రమాదమునఁ దల్లియు మరణించెను. తోఁబుట్టువులు లేరు. ఆయన వివాహమాడలేదు. 1912లో మెట్జ్ పట్టణమున వకీలుగా వృత్తి నారంభించెను. ఆ పట్టణ మప్పుడు జర్మనీలో నుండెను.

మొదటి మహాయుద్ధము వచ్చినపుడు అనారోగ్యముచే నాయనను రణరంగమునకుఁ బంపలేదు. బూలే అను చిన్న పట్టణములో జర్మను కచేరిపని చేసెను. 1918లో యుద్ధము ముగియఁగానే, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, ఆయన ఫ్రెంచి పౌరుఁడయ్యెను. 1919లో మోజెల్ ప్రజ లాయనను బారిస్ శాసనసభకుఁ బంపిరి. అక్కడఁ జిరకాల మాయన చేసిన పని పత్రికల కెక్కునది కాదు. ఫ్రాన్సునకుఁ దిరిగివచ్చిన జిల్లాలలో నేఁబదియేండ్లుగా జర్మను చట్టములు నడచుచుండెను. వానిలో రోగభీమా, వార్ధక్యపు భృతి మొదలగునవి ఫ్రాన్సులో నప్పటికి లేనంత చక్కగా నుండెను. శత్రువు చేసిన చట్టమని వాని నన్నిటిని ద్రోసివేయుటయా, మంచివానిని నిలుపుకొనుటయా? షూమన్ యేండ్ల తరబడి కూర్చుండి రెండు దేశముల చట్టములను బ్రక్కప్రక్కనఁ బెట్టి, యేది విడువవలయునో యేది నిలుపవలయునో తేల్చుటలోఁ బాలుపంచుకొనెను. ఆ స్థానికచట్టములు కొన్ని నేఁటికిని అక్కడ నమలులో నున్నవి. ఆయన తరువాతి ఘనకార్యమునకు బీజ మిచ్చటనే పడినదని మా యభిప్రాయము.

ఇఁక బొగ్గు, ఇనుముల సంగతి కొంత చెప్పక తీఱదు. లొరేన్ భూగర్భమున నినుపరాయి మెండు. దానిలో భాస్వర మెక్కువగుటచేత నది మొదట మంచి యుక్కునకుఁ బనికిరాకుండెను. 1878 ప్రాంతమున థామస్ అను నాంగ్లేయుఁడు భాస్వరమును దొలఁగించు కొలిమి పద్ధతి కనిపెట్టఁగానే ఆ రాయి విలువ పెరిగెను. ఇనుపరాయిని గరఁగించుటకుఁ గోకు కావలెను; కోకునకుఁ దగిన బొగ్గు జర్మనీలోని రూర్ లోయలో నున్నది. ఇనుము ఎల్ల కీవల, బొగ్గు ఎల్ల కావల. ప్రకృతి రెండింటిని బొరుగున నుంచినది. రాజ్యములు నడుమ గోడ కట్టినవి. ఆ గోడ కీవలివారికిఁ బొరుగువాని బొగ్గును బట్టుకొనినఁగాని నిద్రపట్టదు. ఆవలివారికి నినుపరాయిమీఁదనే కన్ను. జర్మనీ నష్టపరిహారముగా నీయవలసిన బొగ్గు, కలప సరిగా నీయలేదని 1923 జనవరిలో ఫ్రెంచి, బెల్జియను సేనలు రూర్ లోయలోఁ బ్రవేశించెను. జర్మను కార్మికులు పని మానిరి. జర్మనీ నాణెము మార్కు విలువ పూర్తిగాఁ గూలిపోయెను. ఫ్రాన్సునకు బొగ్గు దక్కినది కొంచెము, మిగిలినది పగ. అప్పటికి షూమన్ శాసనసభ్యుఁడై నాలుగేండ్లయినది.

1940లో జర్మను సేనలు ఫ్రాన్సును జయించినపుడు ఆయన శరణార్థుల వ్యవహారములఁ జూచు నుపమంత్రిగా నుండెను. ఆ జూలైలో మార్షల్ పెతాఁకు సర్వాధికారముల నొసఁగు తీర్మానమునకు ఇతర సభ్యులు పెక్కుమందితోఁ బాటు షూమనును సమ్మతి నిచ్చెను. ఇది యాయన జీవితములోని తప్పటడుగు. చరిత్రము వ్రాయువారు దీనిని దాఁచరాదు. సెప్టెంబరులో మెట్జ్ పట్టణమునకుఁ దిరిగివచ్చిన యాయనను జర్మను రహస్యపోలీసులు పట్టుకొనిరి. ఏడు నెలలు చెఱసాలలోఁ గడచెను. తమతోఁ జేరి పనిచేయుమని జర్మను అధికారులు కోరిరి, ఆయన నిరాకరించెను. 1941లో నాయనను జర్మనీలోని నోయ్‌స్టాట్ పట్టణమునకుఁ దరలించి కావలిలో నుంచిరి. 1942 ఆగస్టులో నచ్చటినుండి తప్పించుకొని యెల్ల దాఁటెను. తరువాత మఠములలోను, ఆశ్రమములలోను దాఁగుచు, నొకచోట నిలువక, యుద్ధము ముగియువఱకును గాలము గడపెను.

చెఱనుండి బయటపడినవాఁడు పగతో వచ్చుట లోకసహజము. ఆయన మాత్రము దాఁగియున్న దినములలోనే, యుద్ధానంతరము జర్మనీని ఐరోపాలో నెట్లు కలుపుకొనవలయునని మిత్రులతోఁ జర్చించుచుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, పెతాఁ తీర్మానమునకు సమ్మతించిన కారణమున నాయన యెన్నికలకు ననర్హుఁడని తేల్చిరి. 1945 సెప్టెంబరులో నా యడ్డు తొలఁగింపఁబడెను. అటుపై నాయన యభ్యుదయము శీఘ్రముగా జరిగెను. 1946లో నార్థికమంత్రి, 1947 నవంబరులోఁ బ్రధానమంత్రి. పదవికి వచ్చిన దినములలోనే దేశమంతట సమ్మెలు చెలరేఁగెను. సభలోఁ గమ్యూనిస్టు నాయకు లాయనను జర్మనీవాఁడని దూషించిరి. ఆయన గొంతు హెచ్చింపక నిలిచెను. 1948 జూలై మొదలు 1953 జనవరి వఱకు, పెక్కు మంత్రివర్గములు మాఱినను, విదేశాంగశాఖ యాయన చేతనే యుండెను.

ఆ శాఖ చేపట్టునాఁటికి ఐరోపా శిథిలముగా నుండెను. అమెరికా యొసఁగిన మార్షల్ సహాయమును బంచుకొనుటకు 1948 ఏప్రిల్‌లోఁ బదునాఱు దేశములు చేరి యొక సహకారసంస్థ నేర్పఱచుకొనెను. అది యుపయోగకరమే. కాని యందుఁ బ్రతి దేశమునకును గాదను హక్కుండెను. కావునఁ జిక్కు ప్రశ్న వచ్చినపుడెల్ల సభ చెదరుచుండెను. జర్మనీ సంగతి యంతకంటెఁ గష్టము. పశ్చిమజర్మనీ 1949లో రాజ్యముగా నేర్పడెను. దాని యుక్కు ఏఁటికి ఒక కోటి పదునొకండు లక్షల టన్నులు మించరాదని విజేతలు కట్టడి చేసిరి. రూర్ బొగ్గును బంచుట కొక యంతర్జాతీయ సంఘమును నియమించిరి. జర్మనులు కోటి నలువది లక్షల టన్నులు కావలెనని యడుగుచుండిరి. అమెరికా వారివైపు మొగ్గుచుండెను. కాదని ఫ్రాన్సు పట్టుపట్టిన 1923 నాఁటి కథ మరల వచ్చును. ఔనన్న జర్మనీ ప్రబలునని ఫ్రెంచివారి భయము. 1949 సెప్టెంబరులో వాషింగ్టనులో నమెరికా మంత్రి అచిసను, బ్రిటిషు మంత్రి బెవిను, జర్మనీ విషయమున నొక మార్గము చూపు భారమును షూమన్‌పైఁ బెట్టిరి. తరువాతి సమావేశము 1950 మేలో లండనున. నెలలు గడచుచుండెను. ఆయన చేతిలో నేమియు లేదు.

మార్గము చూపినవాఁడు మఱియొకఁడు. జాన్ మొనే యను నాయన ఫ్రాన్సు ప్రణాళికాసంఘమునకు నధ్యక్షుఁడు; కోన్యాక్ పట్టణపు సారాయివర్తకుని కుమారుఁడు; ఏ యెన్నికలోను నిలిచినవాఁడు కాఁడు. ఉక్కు, బొగ్గు పరిశ్రమలను రెండు దేశములనుండియు దీసి, యిరువురకును బైనుండు నొక యధికారసంఘము క్రింద నుంచవలెననియు, చేరఁదలఁచిన యితర దేశములకుఁ దలుపు తెఱచియుంచవలెననియు నతఁడు తలపోసెను. న్యాయశాస్త్ర పండితుఁడు రాయిటర్, ఆర్థికవేత్త యూరీ, సహాయుఁడు హిర్ష్ మొదలగువారితోఁ గూర్చుండి తొమ్మిది పర్యాయములు మార్చి వ్రాసెను. ప్రధానమంత్రి బీదోకు నొక ప్రతి పంపెను, ప్రత్యుత్తరము లేదు. ఏప్రిల్ కడపట నొక శుక్రవారము షూమన్ యథాప్రకారము తన పల్లెకుఁ బోవుటకై పారిస్ తూర్పు రైలుస్టేషనున బండి యెక్కి కూర్చుండెను. ఆయన కార్యదర్శి క్లాపియే పరుగున వచ్చి యా కాగితములను జేతికిచ్చి, సెలవుదినములలో వానిని జదువుమని ప్రార్థించెను. ఆయన మెట్జ్ చెంతనున్న సీ షాజెల్ గ్రామములోని తన యింట వానిని జదివెను. తిరిగి పారిస్‌లో బండి దిగునప్పటికి క్లాపియే యెదురుచూచుచుండెను. షూమన్ చదివితిననియు, అంగీకరించితిననియు నొక్కమాటలోఁ దెలిపెను.

తలపు మొనేది, కీర్తి షూమన్‌ది యని కొందఱందురు. మాకా వాదము సమ్మతము కాదు. కాగితము వ్రాసినవానికిఁ బోవునది కాగితమే. అది తప్పిన మంత్రికిఁ బదవియుఁ బోవును, జర్మనీవాఁడను పాత నింద నిజమని లోకమును నమ్మును. ఫ్రాన్సులో నంతటి నింద మోయవలసిన మంత్రి వేఱొకఁడు లేఁడు.

మే 9వ తేదీ మంగళవారము. ఆనాఁటి యుదయము పారిస్‌లో మంత్రివర్గము గూడినది. షూమన్ రహస్యముగాఁ బంపిన దూత అదే వేళ బాన్ నగరమున జర్మను ప్రధాని ఆడెనౌవర్‌కు జాబు లందించుచుండెను. ఆ యుత్తరము రాకుండ మంత్రివర్గము ముందు విషయము పెట్టరాదు. పెట్టక యుండిన సభ ముగిసిపోవును. సభ ముగియు వేళకు బాన్‌నుండి వార్త వచ్చెను. ఆడెనౌవర్ మనఃపూర్వకముగా నంగీకరించెను. షూమన్ తన సహజమైన నెమ్మది గొంతుకతో విషయ మెఱిఁగించెను; ప్లెవెన్, మేయర్ అను మంత్రులు బలపఱచిరి; సహమంత్రులు సమ్మతించిరి. సాయంకాల మాఱు గంటలకు విదేశాంగశాఖ భవనములోని గడియారపు మందిరమునఁ బత్రికావిలేఖరుల ముందు, నేత్రములకు దళసరి యద్దములు పెట్టుకొని, ఆ బక్కపలుచని మనుష్యుఁడు ప్రకటన చదివెను. ఇది చీఁకటిలో దుముకుట కాదాయని విలేఖరి యొకఁడు ప్రశ్నింపఁగా, అట్టిదేయని యొప్పుకొని లండను ప్రయాణమునకు సిద్ధమయ్యెను.

బ్రిటను చేరలేదు. బొగ్గుగనులను, ఉక్కు పరిశ్రమను అప్పుడప్పుడే జాతీయము చేయుచున్న యా ప్రభుత్వము వానిని బరుల సంఘమున కప్పగింప నొల్లలేదు. ఫ్రాన్సు, పశ్చిమజర్మనీ, ఇటలీ, బెల్జియము, హాలెండు, లక్సంబర్గు అను నాఱు దేశములే కూడి, 1951 ఏప్రిల్ 18వ తేదీని బారిస్‌లో నొడంబడికపై సంతకములు చేసెను. ఆ పుస్తక మచ్చొత్తినది ఫ్రెంచి ముద్రాలయము. కాగితము హాలెండుది, సిరా జర్మనీది, పట్టునాడా ఇటలీది. ఇటలీ పక్షమున నీ కార్యమునకుఁ దోడ్పడిన ప్రధాని డి గాస్పెరీ యాస్ట్రియా పాలనలోనున్న సరిహద్దు సీమలోఁ బుట్టినవాఁడు. ఆడెనౌవర్ రైన్ నదీతీరవాసి. ఫ్రెంచి, జర్మను, ఇటాలియను మంత్రులు మువ్వురును దుబాసి యక్కఱలేక జర్మను భాషలో ముచ్చటించుకొనఁగలిగిరి.

1952 ఆగస్టులో లక్సంబర్గునఁ బని యారంభమయ్యెను. తొమ్మండ్రు సభ్యుల యున్నతాధికార సంఘమునకు మొనే యధ్యక్షుఁడు. డెబ్బదియెనమండ్రు ప్రతినిధుల సభయు, మంత్రుల మండలియు, న్యాయస్థానమును దానికిఁ దోడుగా నుండెను. గనులనుండియుఁ గొలిమిశాలలనుండియు నూటి కొకటికి మించని పన్ను నేరుగా వసూలుచేయు హక్కా సంఘమున కుండెను. ఏ రాజ్యమును యాచింపనక్కఱలేదు. 1953 ఫిబ్రవరిలో బొగ్గునకును, మేలో నుక్కునకును నెల్లలవద్ద సుంకము తీసివేయఁబడెను. సుంకముకంటె మాయదారి యడ్డంకులు కొన్ని యుండెను. రైలులో దూరము పెరిగినకొలఁది కూలి రేటు తగ్గుట యెల్లెడల మామూలు. కాని బొగ్గు బండి యెల్ల దాఁటఁగానే ప్రయాణము క్రొత్తగా మొదలైనట్లు హెచ్చు రేటుతో లెక్క కట్టుచుండిరి. ఇది మానిపించుటకు రెండు మూఁడేండ్లు పట్టెను. మూతపడిన గనుల కార్మికులకు వేఱు పని నేర్పుటకును, ఇండ్లు కట్టించుటకును సంఘము ధనసహాయము చేసెను.

అన్నియు నెగ్గినవని చెప్పుట సత్యము కాదు. ఆఱు దేశములకు నొకే సైన్య ముండవలెనను మఱియొక ప్రయత్నములో షూమన్ మంత్రిపదవిఁ గోలుపోయెను. 1954 ఆగస్టు 30న ఫ్రెంచి సభయే దానిని ద్రోసిపుచ్చెను. పరపాలన ననుభవించిన దేశములవారమగు మనకు మఱియొక సంగతి ముఖ్యము. ట్యునీసియా యప్పుడు ఫ్రెంచివారి రక్షణలో నుండెను. 1950 జూన్‌లో షూమన్ ఆ దేశమును స్వాతంత్ర్యము దిశగా నడిపింపవలెనని బహిరంగముగాఁ బలికెను. వలసదారులును, అధికారులును గోల చేసిరి. ఆయన తగ్గెను. 1951 డిసెంబరు 15న నాయన శాఖనుండి వెడలిన లేఖ ట్యునీసియనుల యాశలను వమ్ము చేసెను. మఱుసటి నెలలోనే యచట రక్తపాతము జరిగెను. రైన్ నదియొద్దఁ జూపిన ధైర్యము మధ్యధరా సముద్రమున కావల నాయనకుఁ జాలలేదు.

సరిహద్దు తగవులలో నొకటి మాత్ర మాయన కన్నులయెదుటనే తీఱెను. లొరేన్ ప్రక్కనున్న సార్ సీమ బొగ్గుగనులు గలది. యుద్ధానంతరము ఫ్రాన్సు దానిని దన యార్థికవ్యవస్థలోఁ గలుపుకొనియుండెను. 1955 అక్టోబరులో నచటి ప్రజలు ఐరోపా పాలనను గాదని యోటువేసిరి. 1957 జనవరి 1న సార్ జర్మనీలోఁ గలిసెను. పూర్వమైన నిది యుద్ధకారణము. అప్పుడొక్క తుపాకియుఁ బ్రేలలేదు.

ఆయన జీవనవిధానమును గూర్చి యొకటి రెండు మాటలు. మంత్రియై యుండియు నూరికి రైలులోనే పోవువాఁడు. రాత్రివేళ విదేశాంగశాఖ భవనపు గదులలో వృథాగా వెలుఁగు దీపముల నార్పుచుఁ దిరుగువాఁడని ప్రసిద్ధి. ప్రతిదినము ప్రార్థనాలయమునకుఁ బోవు నలవాటు తప్పలేదు. సొమ్ము వ్యయము చేసినది పాత గ్రంథములకును, ప్రముఖుల చేవ్రాళ్ళకును మాత్రమే.

1957 మార్చి 25న రోములో నాఱు దేశములును సమస్తవస్తువులకు నుమ్మడి విపణి నేర్పఱచుకొను నొడంబడిక వ్రాసికొన్నపుడు షూమన్ పదవిలో లేఁడు. మఱుసటి యేఁట నా దేశముల ప్రతినిధుల సభ యాయనను దన ప్రథమాధ్యక్షునిగా నెన్నుకొనెను. 1960 వఱకు నా పీఠమునఁ గూర్చుండెను. తరువాత నారోగ్యము క్షీణించి, 1963 సెప్టెంబరు 4వ తేదీని సీ షాజెల్ గ్రామములోని తన యింటనే, డెబ్బదియేడేండ్ల ప్రాయమున, కన్నుమూసెను. ఇంటి కెదురుగానున్న పాత దేవాలయమున నాయన సమాధి యున్నది. ఇల్లు ప్రదర్శనశాల యైనది.

ఏఁబదియేండ్ల గడువుతో వ్రాసికొన్న బొగ్గు, ఉక్కుల యొడంబడిక 2002 జూలైలో గడువు తీఱి ముగిసెను. దాని కార్యములు ఐరోపా సమాఖ్యకుఁ జేరినవి. లొరేన్ ఇనుపరాయి గనులలోఁ గడపటిది 1997లోను, బొగ్గుగనులలోఁ గడపటిది 2004లోను మూయఁబడెను. రూర్ లోయలోని తుదిగని 2018 డిసెంబరులో మూఁతవడినది. కడపటి బొగ్గుపెళ్ళను గని కార్మికులు జర్మనీ యధ్యక్షుని చేతి కందించిరి.